నలభై ఒక్క అంకెల్లో ఒక ఎనిమిది

ఉదయం తొమ్మిదీ పది. గణిత సంస్థ, రెండో అంతస్తు. సొరుగు తాళం పగిలి ఉంది. లోపల నోట్‌బుక్ లేదు.

"ఎన్నాళ్ళ పని?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"రెండేళ్ళు మేడమ్." కంప్యూటర్ ఆపరేటర్ నలభై దాటిన ఆవిడ. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు వణకలేదు. "ఎనభై రెండు అంకెల సంఖ్య. ఎవరికీ లొంగలేదు. నేను రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టాను. ఆ రెండూ నోట్‌బుక్‌లో ఉన్నాయి."

"కంప్యూటర్‌లో?"

"నిన్న సాయంత్రం ఎవరో డిలీట్ చేశారు."

"అనుమానం?"

"డైరెక్టర్ గారి మీద. పదకొండింటికి కింద హాల్లో అదే ఫలితం ప్రకటిస్తున్నారు. తన పేరుతో."

డైరెక్టర్ తన గదిలో పగలబడి నవ్వాడు.

"మీటలు నొక్కే మనిషికి గణితమేంటమ్మా?" ఆపరేటర్ వైపు ఒక కాగితం తోశాడు. "అబద్ధం చెప్పానని సంతకం పెట్టు. ఉద్యోగం ఉంటుంది."

ఆమె కాగితం తీసుకుంది. నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. పైఅధికారి.

"పెద్దవాళ్ళతో మనకెందుకు? వచ్చెయ్."

"పని కాగానే వస్తాను సార్." ఫోన్ స్విచాఫ్ చేసింది. "డైరెక్టర్ గారూ, మీ ఫలితం చూపించండి."

ప్రింట్ తీసిన షీటు. నలభై ఒక్కేసి అంకెల సంఖ్యలు రెండు.

"రెండూ ప్రధాన సంఖ్యలేనా?"

"ఆరు నెలలు నేనే పరీక్షించాను."

ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ తీసి కూడింది. మళ్ళీ కూడింది. పదీ ఇరవై.

"మొదటిదాని అంకెల మొత్తం నూట డెబ్బై నాలుగు. దాన్ని మూడుతో నిశ్శేషంగా భాగించొచ్చు. అలాంటప్పుడు సంఖ్యనీ భాగించొచ్చు. మా అమ్మ బళ్ళో పిల్లలకి చెప్పే లెక్కే ఇది. మరి ఇదెలా ప్రధాన సంఖ్యయింది?"

డైరెక్టర్ నవ్వు ఆగింది. "టైపింగ్ పొరపాటు!"

"కావచ్చు." పెన్సిల్ ఆపరేటర్‌కి ఇచ్చింది. "మీకు గుర్తుందా?"

"నిద్రలో లేపినా చెబుతాను."

ఆగకుండా రాసింది. ఇన్‌స్పెక్టర్ పదిహేడో అంకె మీద వేలు పెట్టింది. షీటులో ఎనిమిది. ఇక్కడ మూడు. కొసలు లోపలికి మెలిపడ్డ మూడు.

ఆ మూడు ఉన్న సంఖ్యని కంప్యూటర్‌లో రెండోదానితో గుణించారు. ఎనభై రెండు అంకెలూ అచ్చంగా కలిశాయి.

"మీ ఫైళ్ళు చూశాను సార్. మీరు మూడుకి పైన అడ్డగీత పెడతారు. అది ఎనిమిదిలా కనిపించదు. ఆవిడ రాసిన మూడు చూసి టైపు చేసినవాడికే అలా కనిపిస్తుంది. కానిస్టేబుల్, డైరెక్టర్ గారి బ్యాగు తెరువు."

పదీ నలభై. బ్యాగు అడుగున నోట్‌బుక్. పదిహేడో అంకె కొసలు అతుక్కుపోయి ఉన్నాయి.

డైరెక్టర్ గొంతు మెత్తబడింది. "ఇద్దరి పేర్లూ పెడదామమ్మా. నీకూ గౌరవం."

"నా పేరు పక్కన చోటు లేదు సార్."

పదకొండు. హాలు నిండింది. ఆపరేటర్ వేదికెక్కి, బోర్డు మీది డైరెక్టర్ పేరు తుడిచేసింది. చాక్‌పీసు అందుకుంది.

ముందు వరుసలో ఎవరో గట్టిగానే అన్నారు: "ఈవిడ ఆపరేటర్ కదూ?"

"అవును," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "లెక్క సరిచూసుకోండి."