బండి మీది డీజిల్ మిషను

ఆదివారం పొద్దున పాపమ్మ సంకటి కెలికి దించి, కొడుకు గూట్లో పెట్టిన రెండు బొమ్మల కాగితాలను మళ్లీ చేతికి తీసుకుంది. ఒకదాంట్లో చేత్తో ఎత్తుకుపోగలిగేంత చిన్న వెల్డింగు మిషను. ఇంటి కరెంటుతో నడుస్తుంది, గేట్లూ కిటికీ కమ్మీలూ అతకవచ్చు. రెండోది ఎద్దంత బరువున్న డీజిల్ మిషను. పికప్ బండి వెనక బిగించుకుంటే, కరెంటు స్తంభం లేని పొలాల్లో కూడా పైపులు అతకవచ్చు. ఇస్సాకు మనసు రెండోదాని మీదే ఉందని ఆమెకు తెలుసు.

ఇన్నేళ్లూ అతను గుజరాతు వైపు ఎవరెవరి బండ్లతోనో పోయి పైపులైన్లు అతికాడు. ఏడాదికొకసారి పెనుకొండకు వచ్చి, నాలుగు రోజులుండి పోయేవాడు. ఈసారి వచ్చినవాడు సొంత బండి కట్టుకుంటానని కూర్చున్నాడు. చక్రాలున్న పని వాకిట్లో నిలవదని పాపమ్మ భయం. కొడుకు ధర్మవరం అని ఒకటి, కనగానపల్లి అని ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఆమె చెవులు మాత్రం బండి అన్న మాట దగ్గరే ఆగిపోయాయి.

ఆ రోజు చర్చిలో ఆరాధన ముగిసే వేళ పాస్టరయ్య ఎప్పటిలాగే ప్రార్థన మనవులు చెప్పమన్నాడు. ఒకామె బిడ్డ జ్వరం గురించి చెప్పింది. ఇంకొకామె బోరులో నీళ్లు పడాలంది. పాపమ్మ కొంగు సరిచేసుకుని లేచింది.

"నా కొడుకు చిన్న మిషనే కొనల్ల. బండి కట్టుకొని పోకుండా ఈన్నే ఉండల్ల. అందరూ ప్రార్థన చేయండి."

మగవాళ్ల చాపల మీద తలలన్నీ ఇస్సాకు వైపు తిరిగాయి. పాస్టరయ్య క్షణం తటపటాయించి, కళ్లు మూసుకుని ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్‌లో ఇస్సాకు గొంతు కలవలేదు. బయటికి వస్తుంటే ఎవరో, "ఏమప్పా ఇస్సాకు, మా దొడ్డి గేటు ఊగులాడ్తాండాది, ఎప్పుడొస్తావు?" అని నవ్వారు.

ఇంట్లో అతను కోప్పడలేదు. సంఘమంతా అడిగాక కాదననని, చిన్నదే కొంటానని చెప్పి, సగం సంకటి వదిలేసి లేచిపోయాడు. పాపమ్మకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తెల్లారేసరికి ఇస్సాకు అటకమీంచి పాత ట్రంకుపెట్టె దించి దుమ్ము తుడుస్తున్నాడు. కోడలు ఎస్తేరు అతని చొక్కాలు మడతపెడుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"యాడికి నాయనా?"

"గుజరాతుకే. పాతోళ్లు రమ్మన్నారు."

"ఈన్నే ఉంటానంటివే."

"యెట్లుండేదిమ్మా? గేట్లు చేసేదానికి ఊర్లో మనుషులు శానామందే ఉండారు. కనగానపల్లి కాడ తాగునీళ్ల పైపులు ఏస్తాండారు. డీజిల్ మిషను ఉండేటోళ్లనే పిలుస్తారు. చిన్నదానికి వైరు గుచ్చల్లంటే ఆ చేన్లల్లో గోడ యాడుండాది?"

ఎస్తేరు చొక్కా పక్కన పెట్టింది. "ధర్మవరం తట్టు పనులైతే రాత్రికి ఇంటికొస్తానని ఆయప్ప నీకు చెప్తానే ఉండాడు అత్తా. నువ్వు ఇనుకుంటే కదా."

పాపమ్మ గోడకానుకుని కూలబడింది.

"మీ నాయన గూడా రాత్రికొస్తాననే పోయినాడు," అంది.

ఇస్సాకు చేతిలో గుడ్డ ఆగిపోయింది. తండ్రి జాన్ లారీలో కూలికి పోయి బళ్లారి దారిలో చనిపోయినప్పుడు అతను నడక నేర్చుకుంటున్నాడు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అతను వచ్చి తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నాయన పోయింది ఒకరి బండిలోమ్మా. ఇన్నేండ్లూ నేను పోయిందీ అట్లనే. వాళ్లు రమ్మంటే పోవల్ల, పొమ్మంటే రావల్ల. నాదైతే తిప్పుకొచ్చేది నేనే గదా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కొడుకును ఇంటి దగ్గర కట్టేసుకోవాలని అడిగి, తానే ఊరు దాటిస్తోందని అప్పటికి తెలిసింది. దాంతో ఇంకో దిగులు పట్టుకుంది. దేవుడి ముందు అడిగేసిన మాటను ఎలా వెనక్కి తీసుకోవడం? చెప్పులు వేసుకుని నేరుగా పాస్టరయ్య ఇంటికి పోయింది. ఆయన అంతా విని, కొడుకు ఇల్లు చేరాలన్నదే నీ ప్రార్థన కదా, మిషను పేరు దేవుడికి నువ్వు చెప్పనక్కర్లేదమ్మా అని పంపించాడు.

మరుసటి రోజు ముగ్గురూ హిందూపురం బస్సెక్కారు. మిషన్ల అంగడి యజమాని తిమ్మరాజు డీజిల్ మిషను నడిపి చూపించాడు. నేల అదిరింది. ఎస్తేరు చెవులు మూసుకుంది. అది ఆగాక ఇస్సాకు భయంగా తల్లి ముఖం చూశాడు.

"ఇంత సద్దు చేస్తాదా?"

"చేస్తాదిమ్మా. ఊరికి దూరంగానే కదా నడిపేది."

పాపమ్మ ఆ ఇనుము మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఇదే తీసుకో. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు సందు మొగదల్లో ఒకసారి నడుపు నాయనా. ఆ సద్దు ఇని అన్నం పెడ్తా."

ఊరంతా లేచి కొట్టేదానికొస్తాదమ్మా అని ఇస్సాకు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తల్లి చేతి పక్కన తన చెయ్యి కూడా పెట్టి నిలబడ్డాడు.