లంక బరిలో ఖాళీ చోటు

ఆ వేళ తెల్లవారింది గాని పొద్దు కనపడలేదు. గోదారి మీద మబ్బు తడి గోనెపట్టాలా పరుచుకుని ఉంది. వాన కురవదు, గాలి వీచదు. రాజమండ్రి దగ్గర రైలు వంతెన కడుతున్న రోజులవి. ఆ వంతెనకి రాళ్ళు మోసే పడవలు కూడా ఇంకా రేవు వదల్లేదు.

బుల్లియ్య పడవ మాత్రం కదిలింది. అందులో చెడుగుడు ఆడే కుర్రాళ్ళూ, అతని కూతురు లోవలక్ష్మీ ఉన్నారు. లోవకి పదేళ్ళు. వేసవిలో తండ్రి ఏ ఊరి బరికి పడవ కడితే తనూ అందులో ఎక్కేస్తుంది.

బరులన్నీ ఒక్కలా ఉండవు. మామిడితోట బరిలో ఆట చూస్తుంటే నెత్తిన పిందెలు రాలతాయి. కాలవగట్టు బరిలో స్టీమరు కూసిందంటే ఆటగాడి కూత వినపడదు, తగువు మొదలవుతుంది. లంక బరి వీటన్నిటికంటే వేరు. చుట్టూ నీళ్ళు, మధ్యన తెల్లటి ఇసక. జనం పడవలు ఒడ్డుకి లాగి, వాటి అంచుల మీద కూర్చుని చూస్తారు. గట్టిగా అరిస్తే ఆ అరుపు అవతలి ఒడ్డుదాకా పోయి తిరిగొస్తుంది.

లంక జట్టులో మొనగాడు పల్లంరాజు. నిరుడు అతను కూతకొస్తుంటే లోవ పడవ అంచెక్కి, "నీది కూతా, పిల్లి ఏడుపా!" అని వెక్కిరించింది. ఆట అయ్యాక అతను నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏం పిల్లా, ఇవాళ మమ్మల్ని ఓడించింది నీ నోరే. వచ్చే ఏడు ఇంకా మంచి మాట పట్టుకురా."

ఆ మంచి మాట కోసం లోవ ఏడాదంతా వెతికింది.

"లోవా, నీకో సంగతి చెప్పాలే," గెడ వేస్తూ అన్నాడు బుల్లియ్య.

"ఉండు నాన్నా, ముందు ఇది విను. పల్లంరాజు తొడగొడితే దోమ కూడా లేవదు! బాగుందా?"

పడవలో ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్ళు నీళ్ళవైపు మొహాలు తిప్పుకున్నారు.

"అది కాదే. ఆ పల్లంరాజు..."

"అదిగో లంక! నేనే ముందు దిగుతా!"

బుల్లియ్య అసలే మాటలు తక్కువ మనిషి. నోటిదాకా వచ్చింది మింగేసి గెడ పైకి లాగాడు.

లంకలో ఈసారి డప్పులు లేవు. మబ్బు పట్టింది కదా, అందుకే కాబోలు అనుకుంది లోవ. ఆట మొదలైంది. లంక జట్టు వరసలో నిలబడింది. వరస మధ్యన ఒక మనిషి పట్టేంత ఖాళీ. పల్లంరాజు ఎక్కడా లేడు.

లోవకి ఉక్రోషం వచ్చింది. అంచెక్కి నిలబడి గొంతెత్తింది.

"పల్లంరాజేడీ? మావాళ్ళకి భయపడి దాక్కున్నాడా? రమ్మనండి బయటికి!"

'రమ్మనండి బయటికి' అని అవతలి ఒడ్డు కూడా అంది.

కూతకి వెళ్ళిన కుర్రాడు ఊపిరి వదిలేశాడు. ఎదుటి పడవ మీంచి ఒక ముసలామె లేచింది. కొంగు నెత్తిన కప్పుకుని వంటపాక వెనక్కి వెళ్ళిపోయింది.

లంక పెద్ద పెదబాబు గబగబా వచ్చాడు. "ఎవరి పిల్లరా ఇది?"

"నాదేనండి," అన్నాడు బుల్లియ్య తల వంచుకుని. "చెబుదామనే చూశానండి. వినిపించుకోలేదు."

పెదబాబు లోవని చూశాడు. కోపం సగంలో ఆగిపోయింది.

"శ్రావణం వరదల్లో వాడి పడవ తిరగబడిందమ్మా. పడవ దొరికింది. వాడు దొరకలేదు. ఆ వెళ్ళినామె తలుపులమ్మ, వాళ్ళ అమ్మ."

జట్టులో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా అతని చోట ఇంకొకరిని నిలబెట్టరు. పొరుగూరి ఆటగాళ్ళు కూడా ఆ చోటు తొక్కరు. లోవ అప్పుడు చూసింది. బరంతా కాలిగుర్తులే. అక్కడ మాత్రం ఇసక చెదరలేదు.

ఆట మళ్ళీ సాగింది, అయిపోయింది. గెలిచినవాళ్ళు కూడా కేక వెయ్యలేదు.

ఆట అయ్యాక రెండు ఊళ్ళూ కలిసి తినాలి. లంకవాడి పక్కన పొరుగూరివాడు, అలా ఒకే వరస. కొన్నేళ్ళుగా వడ్డించేది తలుపులమ్మే. ఆకులు పరిచారు. చేపల పులుసు దించారు. ఆమె రాలేదు. ఎవరూ కూర్చోలేదు.

"పోదామా బుల్లియ్య బాబాయ్?" గొణిగాడు వాళ్ళ జట్టు కుర్రాడు బంగార్రాజు.

"తినకుండా పోతే మళ్ళీ ఈ రేవులో మనకి చోటుండదురా," అన్నాడు బుల్లియ్య.

లోవ వంటపాక వెనక్కి నడిచింది. తలుపులమ్మ నీళ్ళకేసి చూస్తూ కూర్చుని ఉంది. లోవ నోరు తెరిచింది. ఏ మాటా సరిపోదనిపించింది. మూసుకుని పక్కనే కూర్చుంది.

తలుపులమ్మ నీళ్ళమీంచి చూపు తిప్పి అడిగింది. "నిరుడు పిల్లి ఏడుపు అన్నది నువ్వేనా?"

లోవ తలూపింది.

"ఇంటికొచ్చి చెప్పాడు. నవ్వి నవ్వి పొలమారింది వాడికి. ఈ ఏడు ఏం మాట తెచ్చావే?"

దోమ మాట నాలిక చివరిదాకా వచ్చింది. లోవ అడ్డంగా తలూపింది.

తలుపులమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు వాడు నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్న సంగతి. వరద రోజు ఉదయం చద్దన్నం తినకుండానే వల భుజాన వేసుకున్న సంగతి. చెబుతూ చెబుతూ ఆగేది. లోవ ఒక్కసారి కూడా మధ్యలో మాట కలపలేదు. ఆమె మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆగింది.

చివరికి తలుపులమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. గరిటె అందుకుంది.

అందరూ కూర్చున్నారు. ఆ వరసలోనూ పల్లంరాజుకని ఒక ఖాళీ వదిలారు. దాని పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్ళకే మనసొప్పలేదు. లోవ వెళ్ళి అక్కడ కూర్చుంది.

వడ్డన అయ్యాక తలుపులమ్మ తన ఆకు తెచ్చుకుని ఆ ఖాళీలో వేసుకుంది. చేపముక్కలో ముళ్ళు తీసి లోవ ఆకులో పెట్టింది. లోవ ముద్ద కలిపింది. మబ్బు ఇంకా విడలేదు. పడవలకి నీళ్ళు తగిలే చప్పుడు వింటూ రెండు ఊళ్ళూ తిన్నాయి.