రిమ్మోను కోట యాజకుడు

గలిలయ కొండల నడుమ తలయెత్తి నిలిచిన రిమ్మోను కోటను రోమా సేనలు చుట్టుముట్టి, లోయల నిండా గుడారాలు వేసి, గోడలమీద రాళ్లవాన కురిపిస్తున్న ఆ మండువేసవిలో, కోటలోని నీటితొట్లు అడుగంటిపోయి, పసిపిల్లలు ఏడవడానికైనా ఓపికలేక తల్లుల ఒళ్లలో సొమ్మసిల్లి పడివున్నారు. ఆ దిక్కులేని జనానికి మిగిలిన ఒకే ఒక్క ఆశ, దళపతి ఎల్యాకీము.

ఎల్యాకీము సామాన్యుడా? తండ్రి వైపున తొలి యాజకుడు అహరోను నాటినుండి తెగకుండా వచ్చిన యాజక వంశం. తల్లి వైపున ఒకనాడు యూదయను ఏలిన రాజుల రక్తం. యెరూషలేము ఆలయంలో తమ వంతు వచ్చినప్పుడల్లా తండ్రి పక్కన బలిపీఠం చెంత నిలిచినవాడు. కత్తి పట్టింది విధిలేక. మనసు మాత్రం ఎప్పుడూ ఆ పీఠం దగ్గరే వుండేది.

ఆ సంగతి పసిగట్టినవాడు అతని పినతండ్రి పశూరు. కోటలో మంత్రాంగమంతా ఆయనదే. ఒక మధ్యాహ్నం ఎల్యాకీమును బురుజు నీడకు పిలిచి ఇలా అన్నాడు:

"నాయనా, నీకింకా పెండ్లయినా కాలేదు. నీవు పోతే మన వంశం నీతోనే అంతరిస్తుంది. జనం తలవంచే ప్రధాన యాజకుడొకడు రోమా సేనాపతికి కావాలి. అంతటి పుట్టుక నేడు నీకొక్కనికే వున్నది. ద్వారం తెరిపించు. మనిద్దరినీ ప్రాణాలతో విడిచి, ఆ పదవి నీకే కట్టబెడతానని మాట ఇచ్చాడు."

"మరి ఈ జనం?"

"బానిసల సంతకు పోతారు. నీ తాతలు ఇన్ని తరాలు కాపాడుకున్న పేరును వీళ్లకోసం మట్టిపాలు చేస్తావా?"

ఎల్యాకీము మనసు అటు లాగింది. దాచడమెందుకు, బలంగానే లాగింది. అయినా తేరుకొని, "పినతండ్రీ! మన తాతలు ఈ జనం పాపాల కోసమే బలులర్పించారు. ఆ జనాన్నే అమ్ముకొని ఆ తాతల పీఠం ఎక్కమంటారా?" అని వెనుదిరిగాడు.

కాని పశూరు అప్పటికే, అతడు ఒప్పుకున్నాడని శత్రువుకు కబురంపేశాడు. సాయంత్రం రోమా చాటింపుదారు గోడ కిందికి వచ్చి, "ప్రధాన యాజకుడు ఎల్యాకీముకు జయము! మీరు ద్వారం తెరిపిస్తారని ఎదురుచూస్తున్నాము!" అని ఎలుగెత్తి అరిచాడు. ఆకలిగొన్న జనంలో అనుమానం రగలడానికి ఎంతసేపు? భటులు బురుజులు విడిచి, కత్తులు దూసి, అతణ్ణి చుట్టుముట్టారు. కావలి లేని గోడకు అవతల నిచ్చెనలు లేస్తున్నాయి.

"నా తండ్రిమీద ప్రమాణం..." అనబోయాడు ఎల్యాకీము.

"ప్రమాణాలు మీ గొప్పింటివారికి మంచినీళ్లప్రాయం!" అన్నాడు ముసలి భటుడు మల్లూకు.

అవయవలోపం వున్నవాడు బలిపీఠం చేరరాదన్నది వారి ధర్మశాస్త్రం. అది ఎరుగని యూదుడు లేడు. ఎల్యాకీము బాకు తీసి, అందరూ చూస్తుండగా, తన కుడిచెవిని మొదలంటా కోసి నేలమీద పడవేశాడు.

"ఇప్పుడు నన్ను ఏ రాజు, ఏ సేనాపతి యాజకుణ్ణి చేయగలడో చెప్పండి! ఇక గోడ ఎక్కండి!"

"ఎంత పని చేశావురా! మన కొంప ముంచావే!" అని పశూరు నెత్తి బాదుకున్నాడు. ఆయన్ను శిక్షించడానికి కూడ ఎవరికీ తీరిక లేకపోయింది. భటులు ఏడుస్తూనే గోడ ఎక్కి, నిచ్చెనలను కిందికి తోసేశారు.

ఆ గెలుపు తెల్లవారేదాకానే. పొద్దు పొడిచేసరికి తూర్పుగోడ కూలింది. మిగిలిన కొద్దిమందీ ద్వారం వద్ద గుమిగూడగా, మల్లూకు దళపతి ముందు మోకరిల్లాడు.

"దొరా, మమ్మల్ని దీవించండి."

"నేను లోపమున్నవాణ్ణి, మల్లూకూ. నాకిక ఆ అర్హత లేదు." ఆ మాట అంటూనే ఎల్యాకీము భోరున ఏడ్చాడు.

"అయితే మాకు వేరే యాజకుడు అక్కర్లేదు. తమరు దీవించకుంటే దీవెన లేకుండానే చస్తాము."

భటులంతా మోకరిల్లి తలలు వంచారు. ఎల్యాకీము నెత్తురంటిన చేతులు పైకెత్తి, తండ్రి నేర్పిన దీవెనను మొదటినుండి చివరిదాకా పలికాడు. అది ముగిసేవరకూ ఎవరూ తల ఎత్తలేదు. తరువాత అందరూ లేచి, కూలిన గోడ వైపు అతని వెంట నడిచారు.