చుట్టాల బిందె

వరసలో నీలవేణి ముందు ఇంకా ఇద్దరున్నారు. మంగళవారం ప్రశ్నల రోజు. డిగ్రీ రెండో ఏడు పిల్లలు ఒక్కొక్కరే ఫలసూచి ముందు నిలబడి, తాము పరిశోధించదలచింది చెప్పాలి. ప్రయోగం చేయకముందే ఫలితం చెప్పే యంత్రమది. తనకు తెలిసిన సంగతైతే "తెలిసినదే" అంటుంది. ఇక ఆ ప్రశ్నకు ప్రయోగశాల తలుపు తెరుచుకోదు. తెలియనిదైతేనే సీటు. అది వచ్చిన ఇరవై ఏళ్ళలో విశ్వవిద్యాలయంలోని ముప్ఫై ప్రయోగశాలలు మూడయ్యాయి.

ముందున్న రమణమ్మ తిరిగొచ్చింది. "మిడతల గురించి అడిగానే. తెలిసినదేనట. మిడతలకి తెలుసో లేదో మరి!"

నీలవేణి నవ్వలేదు. యంత్రం ముందుకెళ్ళి అడిగింది. "మా గెడ్డవలస బోరునీళ్ళలో మూత్రపిండాల్ని చెరిచేది ఏముంది?"

"తెలిసినదే. ఏమీ లేదు. పద్నాలుగేళ్ళ నమూనాలు శుభ్రం."

ఆ పద్నాలుగేళ్ళలో గెడ్డవలసలో ఇరవై రెండుమంది పోయారు. ఆమె తండ్రి పంతొమ్మిదోవాడు. ఇప్పుడు పిన్ని గంగకి కాళ్ళు వాచాయి.

మిగిలిన ప్రయోగశాలల్లో ఒకటి అప్పలస్వామి మాస్టారిది. నీలవేణి ఆయన బల్లమీద సీసా పెట్టింది. "మా బోరునీళ్ళేనండి. నేనే పట్టి తెచ్చాను. నోట్లో పోసుకుంటే ఉప్పు తెలిసిపోద్ది."

"ఒక్క సీసా చాలదమ్మా. పద్నాలుగేళ్ళ మాటకి ఎదురొస్తే కల్తీ అని యంత్రం తోసేస్తుంది." ఆయన పాత నమూనాల లెక్కలు తెరిచి చూశాడు. "ఉప్పంటున్నావు. ఇందులో ఉప్పే లేదే! నమూనాలు ఇచ్చిందెవరు?"

"మా అమ్మండి. బోరు మా ఇంటిముందే."

"అడుగు."

నీలవేణి మాస్టారికీ వినపడేలా ఫోను పెట్టింది. తల్లి సన్యాసమ్మ ఎత్తింది.

"అమ్మా, నీళ్ళ సీసాలకి బోరునీళ్ళే పట్టేదానివా?"

"సీ! ఊల్లోకొచ్చినోలకి ఉప్పునీలు పోత్తామేటే? సిగ్గుపోదూ? సుట్టాల బిందెలోయే పోసీదాన్ని."

ఆ ఊళ్ళో ఇంటింటా ఒక బిందె వేరుగా ఉంటుంది. రెండు కోసుల దూరపు మంచినీళ్ళ నూతి నుంచి మోసుకొచ్చి, చుట్టాల కోసం మూతపెట్టి ఉంచుతారు. ఇంట్లోవాళ్ళు తాగేది బోరునీళ్ళే.

"సీసాలు పట్టుకెళ్ళడానికి మనుషులు రావడం మానేశారు కదమ్మా. ఇప్పుడు మనిషి లేని బండి ఒక్కటే వస్తంది."

"బండైతేటి? అంత దూరం నుంచి ఒచ్చినాది గదా."

మాస్టారు నవ్వబోయి ఆగిపోయాడు. "దారుంది. నమూనాలు ఇచ్చిన మనిషే, అవి బోరునీళ్ళు కావని ఫలసూచికి చెప్పుకోవాలి. అప్పుడు పాతవన్నీ కొట్టేస్తుంది. ఇవాళ ప్రశ్నల వేళ ముగిసే నాలుగింటిలోగా."

"అమ్మకి ఎందుకో చెప్పకుండా ఆ మాట అనిపించొచ్చాండీ?"

"కుదరదు. ఆ మాటవల్ల ఏం తేలుతుందో తెలిసే చెబుతున్నానని కూడా అనాలి."

మూడున్నరయింది. నీలవేణి గోడవైపు తిరిగి తల్లికి అంతా చెప్పింది. నీళ్ళు శుభ్రమని యంత్రం ఎందుకనుకుందో, ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు వెతకలేదో. సన్యాసమ్మ ఒక్కటే అడిగింది.

"గంగ కాల్లు తగ్గుతాయేటి?"

"బేగి తెలిస్తే తగ్గొచ్చమ్మా."

"అయితే సెప్తాను."

ఫోను ఫలసూచికి కలిపారు. సన్యాసమ్మ మూడు ముక్కల్లో చెప్పింది. యంత్రం ఆ రోజుకి మొదటిసారి "తెలియదు" అంది. నీలవేణి పేరు గోడమీద వెలిగింది. రమణమ్మ వచ్చి వాటేసుకుంది. మాస్టారు మూలనున్న గాజుసామాను తీసి తనే కడగడం మొదలుపెట్టాడు.

చీకటి పడుతుండగా ఇంటికి ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది.

"మీయమ్మ ఇంట్లో లేదే. పోయినోల ఇల్లిల్లూ తిరుగుతంది. గుమ్మంలో నిలబడి 'సీసాల్లో నీలు పోసింది నానే' అంటంది, పక్కింటికెలిపోతంది. లోపలికి రమ్మన్నా రాదు."

"ఎవరైనా ఏమైనా అన్నారా పిన్నీ?"

"ముందల రెండిల్లోలూ ఊరుకోబెట్టినారు. మూడో ఇల్లు పోలమ్మది. కొడుకు పోయినాడు గదా, ఇని తలుపేసేసుకుంది. అక్కణ్ణించి ఈదంతా తలుపులేసేసినారు."

"మరి అమ్మ?"

"ఆగట్లేదే. మూసిన తలుపులకే సెప్తంది."