మజోర్ చెప్పిన డకార్

ఒక నగరం మీద అసూయపడడం సాధ్యమేనా?

ఆ గురువారం సాయంత్రం తత్త్వశాస్త్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ నాకు నేను ఇదే ప్రశ్న వేసుకున్నాను. మనిషి మీద అసూయకు కనీసం ఎదురుగా ఒక ముఖం ఉంటుంది. నగరానికి ముఖం ఏది? అయినా డకార్ పేరు వింటే చాలు, చేతిలో ఎర్ర కలం ఆగిపోతున్నది.

పెళ్ళయ్యాక యాసీన్, నేను కలిసి చేయబోతున్న మొదటి ప్రయాణం అది. శనివారం ఉదయం మా ఊరు సెయింట్ లూయీలో బయలుదేరి, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలి. మా రాజధాని డకార్ నాకు బొత్తిగా కొత్త కాదు. కానీ నేనెప్పుడు వెళ్ళినా కాగితాల మీద ముద్ర వేయించుకుని అదే రోజు వెనక్కు వచ్చాను. యాసీన్ నర్సు చదువు అక్కడే చదివింది. ఆమె డకార్ వేరు. చదువుకునే రోజుల్లో ఆమెను అప్పుడప్పుడు ఊరు తిప్పిన మా ఎదురింటి మజోర్ న్జాయ్‌కు ఆ డకార్ తెలుసు, నాకు తెలియదు.

మజోర్ మా ఊరికీ డకార్‌కీ మధ్య ఏడు సీట్ల అద్దె కారు నడుపుతాడు. సాయంత్రం డకార్ నుంచి రాగానే ఇంటి ముందు చాప పరిచి, బొగ్గుల మీద టీ పెడతాడు. వీధి అంతా అక్కడ చేరుతుంది. మా ప్రయాణం సంగతి తెలిసిన నాటి నుంచి ఏర్పాట్లన్నీ అతనే చేస్తున్నాడు.

"శనివారం మధ్యాహ్నం న్గోర్ దీవి," అన్నాడు, టీని ఎత్తు నుంచి గ్లాసులోకి నురగ కట్టేలా పోస్తూ. "పడవ దిగగానే కాల్చిన చేప. గుర్తుందా యాసీన్, ఎంత ఉల్లిపాయ వేయించుకునేదానివి?"

"గుర్తులేకేం! నిమ్మకాయలన్నీ నీ పళ్ళెంలోనే పిండుకునేవాడివి."

"సాయంత్రం మామెల్ దీపస్తంభం ఎక్కాలి. మీ ఆయన మోకాళ్ళు ఒప్పుకుంటాయా? జోప్‌లు అన్నం గిన్నె దాకా తప్ప నడవరు కదా!"

అందరూ నవ్వారు. మా జోప్‌లకూ, న్జాయ్‌లకూ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఒకరినొకరు తిండిపోతనీ, మా ఇంటి పాలేరువనీ వెక్కిరించుకోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కోసం ముఖంలో ఎన్ని కండరాలను కదపవలసి వచ్చిందో నాకే తెలుసు.

ఇంటికి వచ్చాక చెప్పాను, "న్గోర్ వద్దు. పడవలో నాకు తల తిరుగుతుంది."

"నది మధ్య దీవిలో పుట్టినవాడికి పడవలో తల తిరుగుతుందా?"

"దీపస్తంభం కూడా వద్దు. గాలి ఎక్కువ."

"సుంబేజూన్ చేపల బజారు?"

"వాసన."

యాసీన్ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మాస్టారూ, డకార్‌లో ఇంకేం మిగిలింది? విమానాశ్రయమా? దాన్ని కూడా ఊరి బయటికి మార్చేశారు."

ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. మజోర్ చెప్పిన ప్రతి చోటా ఇద్దరు నిలబడి ఉన్నట్టు కనిపిస్తున్నది. ఆ ఇద్దరిలో నేను లేను. జరిగిపోయిన కాలంలోకి మనిషి వెళ్ళలేడు. అసూయ మాత్రం అక్కడే కాపురం పెడుతుంది.

శుక్రవారం టీ వేళకు మజోర్ మరీ హుషారుగా ఉన్నాడు. నాకు గ్లాసు అందిస్తూ అన్నాడు:

"జోప్, నిజం చెప్పనా? యాసీన్ నాది. డకార్‌లోనే చూసి పెట్టుకున్నాను. నువ్వు కాపలాకు పెట్టిన పాలేరువి. బాగానే చూసుకున్నావులే. రేపు మర్యాదగా తిరిగిచ్చెయ్!"

చాప మీద నవ్వు ఎగసింది. నేను గ్లాసు కింద పెట్టాను.

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. బొగ్గుల చిటపట వినిపించింది. ఒక జోప్ ఒక న్జాయ్ మీద కోపం తెచ్చుకోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. మజోర్ తల్లి నావైపు జాలిగా చూసి, "పాపం, అబ్బాయికి ఒంట్లో బాగాలేదేమో. నుదురు పట్టుకు చూడండర్రా," అంది.

నేను లేచి వచ్చేశాను. నా వెనకే యాసీన్ వచ్చి తలుపు వేసింది.

"ఇన్నాళ్ళూ నీకు పడవలంటే భయమనుకున్నాను. అడగాల్సింది అడుగు."

"అతను నిన్ను..."

"అడిగాడు. పెళ్ళి చేసుకుంటావా అని. న్గోర్‌లోనే. కాదన్నాను. తన చేప తినేసి, నన్ను పడవ ఎక్కించి, హాస్టల్ దాకా దింపి వెళ్ళాడు." ఆమె మంచం అంచున కూర్చుంది. "ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు, బిరామ్. ఎదురుపడితే తల దించుకునేవాళ్ళం. నేను ఫాల్‌ల ఆడపిల్లని, నాకూ న్జాయ్‌లకూ ఆ వేళాకోళం లేదు. నువ్వు జోప్‌వి కాబట్టి, నిన్ను చేసుకున్నాక వాడికి అందులో ఒక చోటు దొరికింది. ఇప్పుడు ఆ మాట పదిమందిలో నవ్వుతూ అనగలుగుతున్నాడు. ఈరోజు నువ్వు ఆ చోటు కాస్తా లాగేశావు."

నేను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఆ ఊళ్ళో మూడేళ్ళు ఒంటరిగా ఉన్నాను. సముద్రం ఒడ్డున నాతో నడిచే మనిషి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ మనిషి మజోర్ కాదని తెలియడానికి నాకు ఒక్క చేప పట్టింది. నీకు ఎంతకాలం పడుతుంది?"

ఆమె లేచి సంచి సర్దడం మొదలుపెట్టింది. "రేపు ఉదయం నేను కారు ఎక్కుతాను. వస్తే ఇద్దరం. రాకపోతే అలిగి ఇంట్లో కూర్చున్న మనిషి కోసం నేను నా ఊరు మానుకోను."

ఒక మనిషి తన ఓటమిని హాస్యంగా మార్చుకుని రోజూ మా ముందుకు తెస్తున్నాడు, టీతో పాటు. గెలిచిన నేను ఆ గెలుపును సందేహంగా మార్చుకుని దాచుకుంటున్నాను. ఇద్దరిలో ఎవరు పేద?

వీధి దాటాను. ఇంకా వెలుతురు ఉంది. చాప మీద ఎవరూ నావైపు చూడలేదు.

"న్జాయ్ గారూ," అన్నాను, "మీ పాలేరు వచ్చాడు."

మజోర్ చేతిలోని కెటిల్ గాలిలోనే ఆగింది. "పాలేరుకు కోపం తగ్గిందా?"

"పాలేరుకు కోపమెక్కడిది? ఆకలి! న్జాయ్‌లు న్గోర్‌లో చేపలన్నీ మింగేశారట. ముళ్ళయినా మిగిల్చారేమో చూసి వద్దామని."

ముందుగా నవ్వింది అతని తల్లి. "జ్వరం దిగింది!" అని చేతులెత్తింది.

నవ్వులు సద్దుమణిగాక నేను అతని పక్కన కూర్చున్నాను. "రేపు నీ కారులో ఇద్దరికి చోటుంచు. ఆ చేప కాల్చే ఆవిడ పేరేమిటి?"

అతను నావైపు తిరిగాడు. ఆ చూపులో వేళాకోళం లేదు.

"సెయినబూ. నా పేరు చెప్పు, ఉల్లిపాయ ఎక్కువ వేస్తుంది." బొగ్గులు కదిలించాడు. "వద్దులే. నీ పేరే చెప్పు."

అక్కడే కూర్చుని ఫోన్ తీశాను. న్గోర్‌లో గదులిచ్చే ఇంటి నంబరు అతనే చెప్పాడు. నొక్కాను.

"శనివారం రాత్రికి ఒక గది కావాలి," అన్నాను.

"ఎవరి పేరు మీద?"

మా గుమ్మంలో యాసీన్ నిలబడి ఉంది. ఆమెకు వినపడేలా గొంతు పెంచాను.

"బిరామ్ జోప్, యాసీన్ ఫాల్. ఇద్దరం వస్తున్నాం."