ఆజ్ఞ వినని మూడు గేట్లు

"పవర్ కట్ చేసి బయటికొచ్చెయ్, ఏజెంట్ ట్వెల్వ్."

టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలోని ట్రాన్స్‌మీటర్ నుంచి చీఫ్ గొంతు. 1988 మే నెల. పగలు పదకొండూ యాభై. గురజాల దగ్గర కాలువ కంట్రోల్ రూములో టైపిస్టు వేషంలో ఉన్న షకీలా కిటికీలోంచి చూసింది. నీళ్ళు కట్టేసిన కాలువలో మూడు మైళ్ళ పొడవునా కూలీలు పూడిక తీస్తున్నారు. సరిగ్గా పన్నెండింటికి గేట్లు లేపి వాళ్ళను ముంచాలని విదేశీ ముఠా పథకం. ఆ నింద మన ఇంజనీర్ల కంప్యూటర్ మీద పడితే, ఇక దేశమంతా కొనేది ముఠా కంప్యూటర్లే.

"పవర్ పోతే బరువురాళ్ళు దిగి గేట్లు లేస్తాయి సార్."

"ఇది ఆర్డర్."

"నేను వినను సార్."

ట్రాన్స్‌మీటర్ ఆపేసింది.

గేట్లను నడిపేది సి భాషలో రాసి కంపైల్ చేసిన ప్రోగ్రాం. ఇక్కడ దాన్లో ఒక్క అక్షరం కూడా మార్చలేరు. కానీ గేట్ల వేళలు తరచూ మారతాయి గనక, దాని కడుపులో ఇంజనీర్లు ఒక చిన్న స్క్రిప్టు భాషను పెట్టారు. టైపు చేసిన లైనును అది అప్పటికప్పుడే చదివి ప్రోగ్రాం చేత పని చేయిస్తుంది. పన్నెండింటికి గేట్లు లేపమనే ముఠా లైను దూరిందీ ఆ దారినే. ఎవరూ చెరపకుండా దానికి తాళం వేశారు. ఆ లైను పిలిచే 'ఓపెన్' అనే పనికి మాత్రం తాళం వేయడం మరిచారు. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ పేరు కింద వేరే పని పెట్టవచ్చు.

షకీలా టకటకా కొట్టింది. ఇకమీదట 'ఓపెన్' అంటే గేట్లు లేపడం కాదు, సైరన్ మోగించడం.

వెనక సెంటు వాసన గుప్పుమంది.

"చేతులెత్తవే."

నల్ల కళ్ళద్దాలు, వానిటీ బ్యాగు, పిస్తోలు. కుసుమ. మన డిపార్ట్‌మెంటులోనూ ముఠాలోనూ ఒకేసారి ఏజెంటు.

"అది కంపైలైన ప్రోగ్రామే, ఇనప్పెట్టె. నువ్వేం పీకుతావు?"

"పెట్టె ఇనపదే. లోపలున్న స్క్రిప్టే అచ్చం నీలాంటిది. ఆఖర్న ఎవరు చెబితే వాళ్ళ మాట వింటది."

చేతులెత్తే ముందు షకీలా చిటికెనవేలు ఎంటర్ నొక్కింది.

పన్నెండు.

కుసుమ గేట్ల వైపు చూసింది. మూడూ కదల్లేదు. నెత్తిమీద సైరన్ భోరుమంది. ఉలిక్కిపడ్డ కుసుమ మణికట్టు మీద టిఫిన్ క్యారియర్ దిగింది. పిస్తోలు బల్ల కిందికి జారింది.

మరో నిమిషానికి, కట్ట ఎక్కిన కూలీల మేస్త్రి హనుమాయమ్మ చేతుల బురద తుడుచుకుంటూ కిటికీలోకి తొంగిచూసింది.

"ఏంది షకీలమ్మా, ఇయ్యాల మధ్యాన్నం కూటికి పిలిచే కూత టైముకే పెట్టారు? చానా ఆశ్చర్యంగా ఉందే మీ ఆఫీసోళ్ళను చూస్తే."