వాలుగ దవడ ఎవరి ఆస్తి?

2084లో ఒప్పందాన్ని చదివి సంతకం చేసేవాళ్ళు లేరు, చూసి చేస్తారు. అర్థదర్శిని అనే యంత్రంలో నిర్వచనాల పేజీ పెడితే, ఆ మాటల వల్ల ఇకమీదట ఎవరు ఎవరి అనుమతి అడగాలో లెక్కగట్టి, హాలు మధ్యలో హోలోగ్రామ్‌గా చూపిస్తుంది. అడగాల్సినవాళ్ళు నీలంగా మెరుస్తారు.

ఆ ఉదయం శ్రీకాకుళంలోని అర్థదర్శిని కేంద్రానికి గోరపాడు వడుకు సంఘం అధ్యక్షురాలు తవిటమ్మ, సంఘం ఆడవాళ్ళతో వచ్చింది. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వి ఏకడం ఆ తీరంలో తరతరాల పని. దవడకు గంజి పట్టించి నీడన ఆరబెట్టే కొత్త పద్ధతితో సంఘం తీసిన నూలు, చంద్రుడి మీది కాలనీలో ధూళిని ఆపే వడపోత గుడ్డకు సరిపోయింది. ఆ పద్ధతిని తమ మరలకెక్కించాలని గుడ్డ కంపెనీ లాయరు శ్రీవత్స ఒప్పందం తెచ్చాడు.

"పారిశ్రామిక ఆస్తి అంటే దవడతో పత్తిని శుభ్రపరిచే పద్ధతి, పనిముట్లు, మెరుగుదలలు. అది కంపెనీకి చెందును," అని చదివింది యంత్రం. హాలంతా నీలమైంది. తీరంలోని ఆడవాళ్ళందరూ అందులో ఉన్నారు.

"ఓలమ్మో, నా మనవరాలేటి ఎలుగుతున్నాది?" అంది తవిటమ్మ. "దానికింకా పాలపళ్ళే ఊడనేదు. అప్పుడే నీ సెలవడగాలా, లాయరు బావూ?"

"అన్ని ఒప్పందాల్లోనూ ఇలాగే రాస్తామమ్మా," అన్నాడు శ్రీవత్స, తల దించుకుని.

"ఇలగైతే మా నూలు మాకాడే ఉంటాది."

ఆ నూలు మరెక్కడా దొరకదు. శ్రీవత్స కంపెనీతో గంటసేపు మాట్లాడి, తవిటమ్మ చెప్పినట్టే తిరగరాశాడు: "పారిశ్రామిక ఆస్తి అంటే గంజి పట్టించిన దవడ మాత్రమే. అది గోరపాడు సంఘానిది." సంఘం ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. శ్రీవత్స కలం తీశాడు.

"ఆగు బావూ. మాకాడ ఎవులు ఏకిన పత్తి ఆళ్ళే సూసుకోరు. ఇంకోలు ఎండలో పట్టి సూడందే వడకం. మా మాట కూడా ఆ యంత్రంల ఎట్టండి."

యంత్రం పక్కనే ఉన్న, దాన్ని కనిపెట్టిన డాక్టర్ హిమజ నివ్వెరపోయింది. ఆరేళ్ళలో వేలమంది ఎదుటివాళ్ళ మాటలు పరీక్షించారు. సొంత మాటను పెట్టమన్నవారు ఒక్కరూ లేరు.

ఈసారి కంపెనీ మరలు నీలమయ్యాయి. వాటి పక్కన, పెదరేవు ఊళ్ళో ఒక ముసలామె కూడా. ఆమె గుమ్మంలో కూర్చుని దవడకు గంజి రాస్తోంది.

"ఈమె ఇకమీదట మీ అనుమతి అడగాలి," అంది యంత్రం.

"ఎవరామె?" అడిగింది హిమజ.

సంఘం ఆడవాళ్ళు తవిటమ్మ వైపు చూశారు. తవిటమ్మ లేచి నిలబడింది. "సెల్లాయమ్మ. గంజెట్టడం దానికాడే సూసి నేర్సుకున్నాం. దాని పేరు ముందు రాయండి. దాని ఎనక మాది."

మళ్ళీ రాశారు. మరలు తప్ప ఎవరూ మెరవలేదు. తవిటమ్మ అక్కడే ఆ ముసలామెకు ఫోన్ చేసి సంగతంతా చెప్పి, "బేగి రాయే, సంతకమెట్టాల," అంది.

"ఇన్నాళ్ళకి గురుతొచ్చానేటే?" అంది అవతలి గొంతు.

"మర్సిపోనేదే," అంది తవిటమ్మ. "నీ పేరు సెప్పనేదంతే."